చీములో పసుపు కాలనీ: మాల్డీకి తెలీదంట, 16ఎస్ 98.1 దగ్గర ఆగింది, ఇది కొత్త స్పీషీసేనా?

బరంపురం_స్లైడు
మాది బరంపురంలో ఒక ప్రైవేటు ల్యాబు. గుణుపురం అవతల నుంచి వచ్చిన పేషెంటు, వరి రైతు, షుగరుంది, పిక్క మీద గడ్డ. చీము కల్చర్ పెడితే మర్నాటికి బ్లడ్ అగార్ మీద లేత పసుపు కాలనీలు వచ్చాయి, నున్నగా మెరుస్తూ, పళ్ళ వాసన లాంటిది ఒకటి వస్తోంది. మెకాంకీ అగార్ మీద రాలేదు. గ్రామ్ నెగటివ్ రాడ్స్, ఆక్సిడేజ్ పాజిటివ్, ఇండోల్ పాజిటివ్, గ్లూకోజ్ ఫర్మెంట్ చెయ్యట్లేదు. ఆటోమేటిక్ మెషీన్ మొదట క్రైసియోబ్యాక్టీరియం ఇండాలజెనిస్ అంది, మళ్ళీ పెడితే తేల్చలేనని చేతులెత్తేసింది. తెలిసినవాళ్ళని బతిమాలి విశాఖలో మాల్డీ టాఫ్ (ప్రోటీన్ల బరువులు చూసి బ్యాక్టీరియాని గుర్తించే మెషీన్) చేయిస్తే స్కోరు 1.74, అంటే జీనస్ వరకూ ఓకే, స్పీషీస్ చెప్పలేం అని. 16ఎస్ (బ్యాక్టీరియాలన్నిటిలో ఉండే, గుర్తింపుకి వాడే జీను) సీక్వెన్స్ చేయిస్తే దగ్గరి టైప్ స్ట్రెయిన్‌తో (జాతికి నమూనాగా దాచిన స్ట్రెయిన్) 98.1 శాతం. మా సార్ ఏమో "క్రైసియోబ్యాక్టీరియం స్పీషీస్ అని రిపోర్టు ఇచ్చేసి ఊరుకో" అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. ఇక్కడ ఎవరైనా కొత్త జాతిని డిస్క్రైబ్ చేసినవాళ్ళుంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. ల్యాబులో పీసీఆర్ ఉంది, అంతకు మించి ఏం లేదు.

పర్లాకిమిడి_పప్పు
ముందు పేరు ఖాయం చేసేద్దాం, మిగతావి తర్వాత చూసుకోవచ్చు. నా ఓటు పర్లాకిమిడికే.

డాక్టర్_చింతపండు
పేరు సంగతి తర్వాత. వరి రైతు, షుగరు, గడ్డ, గ్రామ్ నెగటివ్ రాడ్, ఆక్సిడేజ్ పాజిటివ్. ఇవన్నీ ఒకచోట కనిపిస్తే మన జిల్లాల్లో ముందు గుర్తుకు రావలసింది కొత్త జాతి కాదు, మెలియాయిడోసిస్. బర్కోల్డేరియా సూడోమల్లై. పొలం మట్టిలో, నీళ్ళలో ఉంటుంది, వానల్లో కాలికి చిన్న గాటు పడితే చాలు. ఒడిశాలో కేసులు పడుతూనే ఉన్నాయి, పట్టుకునేవాళ్ళే తక్కువ. అదే అయితే నువ్వు ఓపెన్ బెంచి మీద ప్లేట్లు వాసన చూడటం కూడా ప్రమాదమే, "పళ్ళ వాసన" అని రాశావు చూడు, అది చదివి నాకు ఒళ్ళు మండింది.

బరంపురం_స్లైడు
సార్, ముక్కు పెట్టి చూడలేదు, మూత తియ్యగానే గదిలోకొచ్చింది. ఇక సూడోమల్లై మాట. ఇండోల్ గట్టి పాజిటివ్, అది బర్కోల్డేరియాలో రాదు కదా. మెకాంకీ మీద రాలేదు, అది రావాలి. కొలిస్టిన్ రెసిస్టెంటే, ఆ మాట నిజమే, అందుకే నేనూ మొదట ఉలిక్కిపడ్డాను. కానీ వాంకోమైసిన్ డిస్క్ చుట్టూ జోన్ వస్తోంది. స్మియర్లో సేఫ్టీ పిన్ను రూపం లేదు, సన్నగా పొడుగ్గా ఉన్నాయి. మూడో రోజుకీ ముడతలు పడలేదు. 16ఎస్ ఎలాగూ వేరే ఫైలమే చూపించింది.

డాక్టర్_చింతపండు
గ్రామ్ నెగటివ్‌కి వాంకోమైసిన్ జోన్ వచ్చిందంటే ఆ ఫ్లేవోబ్యాక్టీరియా గుంపే, క్రైసియోబ్యాక్టీరియం ఇందులోదే. సరే, ఒప్పుకున్నాను. అయినా ఈ ప్రశ్న ఇంకెవరో చదువుతారు, వాళ్ళ కోసం రాశాననుకో.

జైపూర్_జానకి
డాక్టరు గారి భయం ఉత్తది కాదండి. నేను ఇదివరకు పనిచేసిన చోట (పేరు వద్దు) మెషీన్ బర్కోల్డేరియా సెపేసియా అంటే సెపేసియా అనే రిపోర్టు వెళ్ళిపోయేది, లేదంటే "సూడోమోనాస్ స్పీషీస్" అని. ఒక పేషెంటుకి ప్లీహంలో కూడా గడ్డలొచ్చాక బయటికి పంపితే సూడోమల్లై అని తేలింది. కొలిస్టిన్‌కి లొంగదు, జెంటామైసిన్‌కి లొంగదు, ఆగ్మెంటిన్‌కి మాత్రం లొంగుతుంది, ఈ మూడూ ఒక్క ప్లేటు మీద చూస్తే చాలు అనుమానం వచ్చేయాలి. మాల్డీ కూడా పాత లైబ్రరీ అయితే థైలాండెన్సిస్ (దాని దగ్గరి చుట్టం) అని చెప్పేస్తుంది.

సిరోంచ_శీను
అక్కా ఒక మాట అడుగుతా ఏమనుకోకు. గిది పేషెంటు కాలికెల్లి వచ్చిందా, మీ సింకులకెల్లి వచ్చిందా? క్రైసియోబ్యాక్టీరియం అంటేనే నీళ్ల పురుగు. క్లోరిన్ కొట్టిన నీళ్లల్ల గూడ బతుకుతది. మా దగ్గర గడ్చిరోలి ల్యాబుల గిట్లనే వరసగా పసుపు కాలనీలు వస్తుంటే ఏదో అవుట్‌బ్రేక్ అని మస్తు లొల్లి అయింది, తీరా చూస్తే స్టెయిన్ కడిగే నీళ్ల డబ్బా. డబ్బా పారేస్తే అవుట్‌బ్రేక్ ఖతం.

పర్లాకిమిడి_పప్పు
కొత్త స్పీషీస్ పేరు "డబ్బాయెన్సిస్".

బరంపురం_స్లైడు
శీనూ, అడగవలసిన ప్రశ్నే, ఏమీ అనుకోను. మొదటిది స్వాబ్, దాని మీద నాకూ నమ్మకం లేదు. అందుకే సర్జన్ గారిని అడిగి, డ్రైన్ చేసేటప్పుడు చర్మం శుభ్రం చేశాక సిరంజితో లాగిన చీము తెప్పించాను. దాని డైరెక్ట్ స్మియర్లోనే చీము కణాల లోపల సన్నటి రాడ్లు కనిపించాయి. కల్చర్లో మళ్ళీ అదే వచ్చింది, ప్యూర్‌గా, ఇంకేదీ కలవకుండా. కుళాయి నీళ్ళు, డిస్టిల్డ్ వాటరు, సెలైన్ అన్నీ ప్లేట్ల మీద పోసి చూశాను, ఈ పసుపుది ఎందులోనూ రాలేదు.

సిరోంచ_శీను
ఇగ అట్లయితే సరే. కణాల లోపల ఉన్నయంటే నమ్మొచ్చు.

పాతమైక్రోస్కోపు
అమ్మాయ్, పాతకాలం పరీక్ష ఒకటి చెబుతాను, రూపాయి ఖర్చు లేదు. ఇరవై శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ కలుపుకో. స్లైడు మీద లూపుతో దండిగా కాలనీ రుద్ది, పక్కన తెల్ల కాగితం పెట్టుకుని, దాని మీద ఒక చుక్క వెయ్యి. పసుపు కాస్తా ఎరుపు, ఊదా, గోధుమ, ఆ వైపుకి తిరిగితే అది ఫ్లెక్సిరూబిన్ రంగు. తర్వాత కాస్త యాసిడ్ చుక్క వేస్తే మళ్ళీ పసుపుకొస్తుంది. కెరోటినాయిడ్ పసుపైతే ఇలా మారదు. జీనస్ వరకూ నీకు గట్టి ఆధారం దొరుకుతుంది, పైగా పేపర్లో ఒక వాక్యం.

బరంపురం_స్లైడు
చేశానండి. చుక్క పడగానే అంచుల దగ్గర మొదలై మధ్యకి పాకింది, ఇటుక రంగు. మా టెక్నీషియన్ కుర్రాడు "మేడం, తాంబూలం ఉమ్మేసినట్టుంది" అన్నాడు. పలచటి హైడ్రోక్లోరిక్ వేస్తే మళ్ళీ పసుపు. ఫొటో తీసిపెట్టాను.

కోరాపుట్_కాఫీ
ఇప్పుడు నా వంతు. ఆ 98.1 అన్న అంకె దేని మీద వచ్చింది? ఎన్ని బేసులు చదివారు? ఎన్‌సీబీఐ బ్లాస్ట్‌లో మామూలుగా వేస్తే పైన వచ్చేవన్నీ "అన్‌కల్చర్డ్ బ్యాక్టీరియం", లేదా ఎవరో తప్పు పేరుతో ఎక్కించినవి, వాటితో పోల్చి లాభం లేదు. టైప్ స్ట్రెయిన్లతో మాత్రమే పోల్చాలి, ఈజ్‌బయోక్లౌడ్‌లో అలా పోల్చి ఇస్తుంది. ఇంకోటి, చాలా కంపెనీలు ఒక్క ప్రైమర్‌తో చదివి 500, 700 బేసులు చేతిలో పెడతాయి. జీను మొత్తం ఇంచుమించు 1,500. సగం చదివి జాతి తేల్చడం కుదరదు, ఎందుకంటే మార్పులన్నీ జీనంతా సమానంగా పరుచుకుని ఉండవు, కొన్ని చోట్లే గుంపుగా ఉంటాయి, నువ్వు చదివిన సగంలో ఆ చోట్లు ఎక్కువుంటే తేడా పెద్దదిగా కనిపిస్తుంది, లేకపోతే అసలు తేడానే కనిపించదు. క్రోమాటోగ్రామ్ కూడా తెరిచి చూడండి, ఒకే చోట రెండు పీకులుంటే కల్చర్ కలిసిపోయిందో, లేదా ఆ బ్యాక్టీరియాలోనే 16ఎస్ కాపీలు ఒకదానికొకటి తేడాగా ఉన్నాయో.

జైపూర్_జానకి
మేం చదివినప్పుడు 97 శాతం కన్నా తక్కువైతేనే కొత్త జాతి అన్నారే. 98.1 అంటే పాత జాతే కదా మరి?

కోరాపుట్_కాఫీ
జానకి గారూ, ఆ 97 అనేది 1994 నాటి మాట. అప్పట్లో చేతిలో ఉన్న డీఎన్ఏ హైబ్రిడైజేషన్ (రెండిటి డీఎన్ఏ కలిపి ఎంత అతుక్కుంటుందో చూడటం) లెక్కలతో పోల్చి స్టాకెబ్రాంట్, గోబెల్ పెట్టారు. ఆ స్టాకెబ్రాంటే 2006లో ఇంకొకరితో కలిసి 98.7 నుంచి 99 మధ్యకి పెంచారు. 2014లో జీనోములతో సరిచూసి 98.65 అన్నారు. కాబట్టి 98.1 అంటే గీత కిందే ఉంది, కొత్తదయ్యే అవకాశం ఉంది. "అవకాశం" అన్నాను, అక్కడే ఆగండి.

పాతమైక్రోస్కోపు
తిరగేసి కూడా చూడాలి. 16ఎస్ 99 దాటినా వేరు జాతులున్నవి బోలెడు. ఆంథ్రాక్స్ బాసిల్లస్‌కీ బాసిల్లస్ సీరియస్‌కీ 16ఎస్‌లో తేడా వెతకాలంటే భూతద్దం కావాలి. అది గేటు దగ్గర కాపలావాడే గానీ ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పలేడు.

బరంపురం_స్లైడు
కాఫీ గారూ, రెండు వైపుల నుంచీ చదివించాను, 27ఎఫ్, 1492ఆర్ ప్రైమర్లతో. చివర్లు కత్తిరించాక 1,412 బేసులు మిగిలాయి. పీకులు శుభ్రంగానే ఉన్నాయి. ఈజ్‌బయోక్లౌడ్‌లోనే పోల్చాను, అదే 98.1.

కోరాపుట్_కాఫీ
బావుంది. అయితే ఇంక జీనోమే. బయట ఇవ్వండి, డీఎన్ఏ మాత్రం మీరే తియ్యండి, ఒకే కాలనీ నుంచి మళ్ళీ మళ్ళీ స్ట్రీక్ చేసి ప్యూర్ చేశాకే. వచ్చిన జీనోముతో ఏఎన్ఐ (రెండు జీనోములు సగటున ఎంత శాతం కలుస్తాయో) లెక్క కట్టాలి, 95-96 దగ్గర గీత. డిజిటల్ డీడీహెచ్ (ఇందాకటి డీఎన్ఏ హైబ్రిడైజేషనే) 70 శాతం గీత, అది 1987లో వేన్ కమిటీ పెట్టిన పాత గీతే, అప్పుడు ట్యూబుల్లో డీఎన్ఏలు కలిపి చూసేవాళ్ళు, ఇప్పుడు కంప్యూటర్లో. జర్మనీ డీఎస్ఎంజెడ్ వాళ్ళ టీవైజీఎస్ సర్వర్‌లో జీనోము పడేస్తే ఉచితంగా డీడీహెచ్ లెక్క, చెట్టు గీసి మరీ, ఇచ్చేస్తుంది, ఏఎన్ఐ మాత్రం విడిగా కట్టుకోవాలి. ఫలితం ఎలా ఉన్నా కంగారు పడకండి, క్రైసియోబ్యాక్టీరియంలో వందకి పైగా జాతులున్నాయి, చేపలోంచి, పాలలోంచి, మట్టిలోంచి ఏటా కొత్తవి వస్తుంటాయి. నిన్న మొన్న పేరు పెట్టినది మీ మాల్డీ లైబ్రరీలో ఎలాగూ ఉండదు.

డాక్టర్_చింతపండు
ఇంత కష్టం దేనికి? రాయగడలో నా ఎదురుగా కూర్చున్న పేషెంటుకి ఏ మందు పనిచేస్తుందో చెప్పండి చాలు. మీరు పేర్లు మార్చుకుంటూ పోతుంటే మేం చావాల్సొస్తోంది. ఎంటరోబ్యాక్టర్ ఏరోజెనిస్ కాస్తా క్లెబ్సియెల్లా అయింది, క్లాస్ట్రీడియం డిఫిసిల్ క్లాస్ట్రిడియాయిడిస్ అయింది, మొటిమల ప్రొపియోనిబ్యాక్టీరియం క్యూటిబ్యాక్టీరియం అయింది, 2020లో లాక్టోబాసిల్లస్‌ని ముక్కలు చేసి ఇరవై మూడు కొత్త జీనస్‌లు పుట్టించారు. పెరుగు మాత్రం అలాగే తోడుకుంటోంది.

పర్లాకిమిడి_పప్పు
డాక్టరు గారికి ఒక లైకు. పెరుగుకి రెండు.

పాతమైక్రోస్కోపు
డాక్టరు గారూ, మీరు తిట్టే ఈ గుంపులోనే మీకు జవాబుంది. 1959లో ఎలిజబెత్ కింగ్ అమెరికా సీడీసీలో కూర్చుని పసిపిల్లల మెనింజైటిస్‌లోంచి వచ్చిన స్ట్రెయిన్లని విడదీసి ఫ్లేవోబ్యాక్టీరియం మెనింగోసెప్టికం అని పేరు పెట్టింది. 1994లో అది క్రైసియోబ్యాక్టీరియంలోకి వెళ్ళింది. 2005లో మళ్ళీ విడిపోయి ఆవిడ పేరుతోనే ఎలిజబెత్‌కింజియా అయింది. 2011లో అనాఫెలిస్ గాంబియే దోమ పేగుల్లోంచి ఎలిజబెత్‌కింజియా అనాఫెలిస్ అనే ఇంకో జాతి వచ్చింది. దోమ పురుగే కదా అనుకున్నారు. ఆసుపత్రుల్లో మెనింగోసెప్టికా అని రాసిపెట్టుకున్న పాత స్ట్రెయిన్లని జీనోముతో మళ్ళీ చూస్తే చాలావి ఈ అనాఫెలిసే. 2015-16లో అమెరికాలో విస్కాన్సిన్‌లో జనం చనిపోయిన అవుట్‌బ్రేక్‌కి కారణం ఇదే. సరైన పేరు లేకపోతే ఏ ఊరి కేసు ఏ ఊరి కేసుతో ముడిపడిందో తెలిసేదెలా?

డాక్టర్_చింతపండు
ఒప్పుకుంటాను, కానీ సగమే. పేరు ఎపిడెమియాలజీకి కావాలి, మంచం మీద పేషెంటుకి సెన్సిటివిటీ రిపోర్టు కావాలి. స్లైడమ్మా, ఆ రైతు ఎలా ఉన్నాడు? ఈ గుంపుకి పుట్టుకతోనే మెటల్లో బీటా లాక్టమేజ్ (మెరోపెనెం లాంటి మందుల్ని విరగ్గొట్టే ఎంజైము) ఉంటుంది, మెరోపెనెం పెట్టి కూర్చుంటే డబ్బు దండగ.

బరంపురం_స్లైడు
మెరోపెనెం రెసిస్టెంటే సార్, మీరన్నట్టే. కోట్రైమాక్సజోల్, మినోసైక్లిన్, లీవోఫ్లాక్సాసిన్ పనిచేస్తున్నాయి. గడ్డ డ్రైన్ చేసి సెప్ట్రాన్ (కోట్రైమాక్సజోలే) మీద పంపించారు. డ్రెస్సింగుకి వచ్చినప్పుడు చూశాను, పుండు పూడుతోంది. మనిషి మాత్రం నాట్లకి లేటవుతోందని గొడవ.

జైపూర్_జానకి
ఎంఐసీ (పెరుగుదల ఆపే కనీస మందు మోతాదు) ఇచ్చారా, డిస్కుతో సరిపెట్టారా? ఈ జీనస్‌కి డిస్క్ జోన్ల పట్టిక లేదు కదా, ఎంఐసీ పెట్టి "ఇతర నాన్ ఎంటరోబ్యాక్టరేల్స్" కిందే చదువుకోవాలి.

బరంపురం_స్లైడు
ఎంఐసీలే జానకి గారూ, అలాగే చదివాం. వాంకోమైసిన్ డిస్కు గుర్తింపు కోసమే తప్ప రిపోర్టులో వెయ్యలేదు.

వంశధార_ఒడ్డు
నాకు సైన్సు అంతగా తెలీదు, మాది గుణుపురమే, ఊరి పేరు చూసి వచ్చాను. మా ఊరి మనిషి కాల్లోంచి తీసిన పురుక్కి ఎవలో పేరెట్టుకుంటారా? ఆ రైతుని అడిగినారా లేదా? రేపు పేపర్లో "గుణుపురం బ్యాక్టీరియా" అనెడితే మా ఊరికి పిల్లనిచ్చేవోడు ఉంటాడా ఏటి.

పర్లాకిమిడి_పప్పు
ఓలమ్మ, ఇది పాయింటే.

జైపూర్_జానకి
వంశధార గారు అడిగింది నవ్వులాటకి కాదు. రిపోర్టు కోసం ఇచ్చిన చీము వేరు, రీసెర్చికి వాడుకునేది వేరు. రీసెర్చి అంటే ఎథిక్స్ కమిటీ కాగితం కావాలి, పేషెంటు ఒప్పుకుంటూ సంతకం పెట్టిన కాగితం కావాలి, అదీ ఒడియాలోనో తెలుగులోనో అతనికి అర్థమయ్యే భాషలో. ప్రైవేటు ల్యాబుకి సొంత కమిటీ లేకపోతే ఏదైనా కాలేజీతో కలిసి చెయ్యాలి.

బరంపురం_స్లైడు
సంతకం తీసుకున్నానండి, తెలుగులోనే చదివి వినిపించాను, వాళ్ళబ్బాయి కూడా ఉన్నాడు. "నా పేరెడితే ఒద్దు, పురుగుకి ఏదైనా పెట్టుకోండి" అన్నాడు. కమిటీ అనుమతి మాత్రం ఒక కాలేజీ మేడం ద్వారా నడుస్తోంది.

సిరోంచ_శీను
ఊరి పేరు గురించి: పెట్టొద్దని రూలేం లేదు గానీ ఆ గుణుపురం అన్న బాధ నిజం. సొంత పేరు మాత్రం పెట్టుకోవద్దు, అది పద్ధతి కాదు. ఇగ ఊరి పేరే పెట్టాలంటే "ఎన్సిస్" కుదరదు, క్రైసియోబ్యాక్టీరియం లాటిన్ల నపుంసకలింగం, "ఎన్సే" అని రావాలి. మా పీహెచ్‌డీ గైడు గీ ఒక్క అక్షరం మీద పేపరు వాపస్ తెచ్చుకున్నడు.

పర్లాకిమిడి_పప్పు
అంటే నా డబ్బాయెన్సిస్ రిజెక్టా? డబ్బాయెన్సే?

పాతమైక్రోస్కోపు
మనుషుల పేర్లూ పెడతారు, కానీ ఆ మనిషి పనికి దీనికి సంబంధం ఉండాలి. బంగ్లాదేశ్‌లో విరేచనాలతో వచ్చిన పిల్లల్లోంచి తీసిన స్ట్రెయిన్లని స్ట్రిప్ పరీక్షలు హాఫ్నియా అల్వై అన్నాయి. కాదని తర్వాత తేలి 2003లో ఎషెరిషియా ఆల్బర్టై అయింది. అది ఢాకాలో ఆ స్ట్రెయిన్లని పట్టుకుని పనిచేసిన జాన్ ఆల్బర్ట్ పేరు. మెషీన్ చెప్పిన పేరు మీద ఒక మనిషికి అనుమానం వచ్చి ఆగిపోవడం వల్ల దొరికిన జాతి అది. మన స్లైడమ్మ చేస్తున్నదీ అదే పని.

కోరాపుట్_కాఫీ
హైదరాబాదు కథ కూడా చెప్పాలి. అక్కణ్ణించి ఎగరేసిన బెలూన్లతో స్ట్రాటోస్ఫియర్ గాలి పట్టుకొచ్చి సీసీఎంబీ, పుణె ఎన్‌సీసీఎస్ వాళ్ళు 2009లో మూడు కొత్త జాతులు ప్రకటించారు: జానిబ్యాక్టర్ హోయ్లై, బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, బాసిల్లస్ ఆర్యభట్టై. పేపర్లన్నీ ఊదరగొట్టాయి. ఆర్యభట్టై తర్వాత ప్రీస్టియా అనే జీనస్‌లోకి మారింది, జీనోములు పోల్చి చూసినవాళ్ళు ఇది ఎప్పటినుంచో ఉన్న మెగాటేరియం జాతే అన్నారు. అందుకే చెబుతున్నా, జీనోము లేకుండా పేరు జోలికి పోవద్దు.

జైపూర్_జానకి
పోయిందని బాధెందుకు, అప్పటికి చేతిలో ఉన్న పద్ధతులతో వాళ్ళు చెయ్యవలసింది చేశారు.

బరంపురం_స్లైడు
అప్‌డేట్. జీనోము వచ్చింది. 4.9 మెగాబేసులు, జీసీ 36 శాతం, కంప్లీట్‌నెస్ 99 దాటింది, కంటామినేషన్ ఒక శాతం లోపే. టీవైజీఎస్‌లో వేశాను. దగ్గరి టైప్ స్ట్రెయిన్‌తో డిజిటల్ డీడీహెచ్ 43. విడిగా కట్టిన ఏఎన్ఐ 91.3. కాఫీ గారూ, మీరే చెప్పండి, నాకు చేతులు వణుకుతున్నాయి.

కోరాపుట్_కాఫీ
వణకనివ్వండి. 95కి 91.3 చాలా కింద, 70కి 43 ఇంకా కింద, రెండూ ఒకే మాట చెబుతున్నాయి. గీత మీద ఊగిసలాడే కేసు కాదు. ఒకటే జాగ్రత్త, టీవైజీఎస్‌లోకి ఇంకా ఎక్కని కొత్త జాతులు ఉంటాయి. ఎల్‌పీఎస్‌ఎన్‌లో (బ్యాక్టీరియా పేర్ల జాబితా సైటు) ఈ జీనస్ పేజీ తెరిచి ఈ మధ్య వచ్చిన పేర్లన్నీ చూసి, జీనోము ఉన్నవాటితో ఒక్కొక్కటిగా ఏఎన్ఐ కట్టండి.

సిరోంచ_శీను
అక్కా కంగ్రాట్స్! కానీ ఒక్క స్ట్రెయినే గదా. ఒక్కదాన్ని పట్టుకొని జాతి అంటే ఎట్ల? మీ ఫ్రీజర్ల పాత "క్రైసియోబ్యాక్టీరియం స్పీషీస్" అని మూలకు పెట్టినవి తీసి 16ఎస్ చెయ్యి, ఇంకొకటి దొరికిందనుకో పేపర్ వజనే మారిపోతది.

పాతమైక్రోస్కోపు
రూల్ ప్రకారం ఒక్కటున్నా చాలు, చాలా జాతులు ఒక్క స్ట్రెయిన్ మీదే నిలబడ్డాయి. కానీ శీను చెప్పినదానితో నేనూ ఏకీభవిస్తాను. ఒక్క స్ట్రెయిన్ చూసి "ఈ జాతి మాల్టోజ్ వాడుతుంది" అని రాసేస్తే, అది జాతి లక్షణమో ఈ ఒక్క ప్రాణి చాపల్యమో ఎవరికి తెలుసు. ఇక మిగతా పని: ఎంత వేడిలో, ఎంత ఉప్పులో, ఏ పీహెచ్‌లో పెరుగుతుందో చూడు, ఇది నీ ల్యాబులోనే అవుతుంది. ఫ్యాటీ ఆసిడ్లు, క్వినోన్లు, పోలార్ లిపిడ్లు బయట చేయించాలి. ఈ కుటుంబంలో ఎంకే-6 ప్రధాన క్వినోన్‌గా, ఐసో-సీ15:0 ప్రధాన ఫ్యాటీ ఆసిడ్‌గా రావాలి, రాకపోతే ఎక్కడో తేడా కొట్టిందన్నమాట. దగ్గరి టైప్ స్ట్రెయిన్ తెప్పించుకుని దానితో పక్కపక్కనే పెట్టి చెయ్యి, పాత పేపర్లోంచి అంకెలు ఎత్తి పట్టికలో వేస్తే రివ్యూయర్ ఊరుకోడు.

కోరాపుట్_కాఫీ
ఈ ఫ్యాటీ ఆసిడ్ల గొడవ ఇంకా దేనికండీ? జీనోము ఉండగా ఉప్పులో పెంచి చూడ్డం పాతకాలం తంతు. 2022లో సెక్‌కోడ్ (జీనోము ఆధారంగా పేర్లు పెట్టే నియమావళి) వచ్చాక జీనోమునే టైపుగా పెట్టి పేరు పెట్టేయొచ్చు కదా.

పాతమైక్రోస్కోపు
సెక్‌కోడ్ ముఖ్యంగా కల్చర్ కానివాటి బాధ తీర్చడానికి వచ్చింది నాయనా. నీ ప్లేటు మీద ప్రాణంతో కాలనీ ఉంది. దాన్ని ఫ్రీజర్లో చంపేసి ఫైలుకి పేరు పెడతానంటే ఎలా? రేపు కొత్త మందు వస్తే ఫైలు మీద పరీక్షిస్తావా?

కోరాపుట్_కాఫీ
ఫైలుకి షుగరు రాదు, గడ్డలు రావు, అదొక లాభం. సరే సరే, మీదే పైచెయ్యి.

జైపూర్_జానకి
డిపాజిట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. అదే అందరికీ అడ్డం పడేది. 2001 నుంచి కొత్త జాతి పేరు చెల్లాలంటే టైప్ స్ట్రెయిన్‌ని రెండు వేర్వేరు దేశాల్లో, రెండు పబ్లిక్ కలెక్షన్లలో పెట్టి, ఎవరడిగినా ఇస్తారన్న సర్టిఫికెట్లు చూపించాలి. ఇక్కడ మనకి పుణె ఎన్‌సీఎంఆర్ ఉంది, చండీగఢ్ ఎంటీసీసీ ఉంది. రెండోది బయట, జపాన్ జేసీఎమ్మో, కొరియా కేసీటీసీయో, జర్మనీయో. బయటికి పంపాలంటే 2002 జీవవైవిధ్య చట్టం కింద నేషనల్ బయోడైవర్సిటీ అథారిటీ అనుమతి. ముందే అప్లై చెయ్యండి, పేపరు రాశాక మొదలుపెడితే పేపరు చేతిలో పట్టుకుని కూర్చోవాలి.

వంశధార_ఒడ్డు
మనిషి కాల్లోంచి తీసిందానికి అడవుల చట్టమేటి?

జైపూర్_జానకి
అడవుల చట్టం కాదండి. మనిషి జన్యు పదార్థం ఆ చట్టంలోకి రాదు, కానీ సూక్ష్మజీవి వస్తుంది, అది ఎక్కణ్ణించి తీసినా సరే. పైగా ఎవరు కొత్త జాతి కనిపెట్టినా ఆ పనికి గుర్తించిన సంస్థకి తెలియజేసి నమూనా అప్పగించాలని 39వ సెక్షన్లోనే ఉంది.

పర్లాకిమిడి_పప్పు
పుణెకి పంపడానికి కష్టమేముంది, బరంపురంలో కోణార్క్ ఎక్కితే పుణెలో దిగడమే. టిఫిను క్యారియర్ కింద గిన్నెలో అగార్ ప్లేటు, పై గిన్నెలో పులిహోర.

డాక్టర్_చింతపండు
ఆ పులిహోర ఎవరు తింటారో వాడి కల్చర్ నాకు పంపండి.

సిరోంచ_శీను
నవ్వులాట గానీ నిజంగ రైల్ల చేతితో తీస్కపోయేటోళ్లని చూసిన. మూడు పొరల ప్యాకింగ్ ఉండాలె, లోపల లీకవ్వని ట్యూబు, దాని చుట్టు పీల్చుకునే దూది, రెండో డబ్బా, మీద గట్టి పెట్టె. గిది అయితే కేటగిరీ బీ, యూఎన్3373 ముద్ర. డాక్టరు సాబ్ మొదట భయపడ్డ సూడోమల్లై కల్చర్ అయితే కేటగిరీ ఏ, దాని కథే వేరు, మామూలు కొరియరోడు ముట్టుకోడు.

బరంపురం_స్లైడు
అన్నీ రాసుకున్నాను. ఫ్రీజర్ వెతికితే "స్పీషీస్" అని రాసిపెట్టిన పసుపువి కొన్ని దొరికాయి, ఒకటి రాయగడ నుంచి వచ్చిన కాథెటర్ శాంపిల్. పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కకి అదీ ఎర్రబడింది. 16ఎస్‌కి ఇచ్చాను. మా సార్ ఇప్పుడు "మన స్పీషీస్ ఎంతవరకు వచ్చింది" అని అడుగుతున్నారు.

పర్లాకిమిడి_పప్పు
"మన" స్పీషీసంట! చూశారా.

మోడరేటర్
పేర్ల పోటీకి వేరే దారం తెరిచాను, పప్పు గారి పోస్టులు అక్కడికి తరలిస్తున్నాం. ఇక్కడ పరీక్షలు, డిపాజిట్ గురించే రాయండి.

వంశధార_ఒడ్డు
అమ్మా, ఊరి పేరెట్టొద్దని నానన్లేదు. ఎడితే ముందు ఆ రైతుకి ఒక మాట సెప్పండి, పేపర్లో సూసి తెలుసుకోడం బాగోదు.

బరంపురం_స్లైడు
తప్పకుండా అన్నయ్యా. ఊరి పేరు నేనూ పెట్టాలనుకోవట్లేదు.

జైపూర్_జానకి
ఇంకొకటి. పుణె ఫారంలో శాంపిల్ ఎక్కణ్ణించి తీశారని ఒక గడి ఉంటుంది. అక్కడ "మనిషి గడ్డ చీము, రాయగడ జిల్లా, ఒడిశా" అని ఆపేయండి. మన పల్లెల్లో కాలికి ఆపరేషనైన రైతు అంటే ఒక్కడే ఉంటాడు, ఊరి పేరు రాస్తే మనిషి పేరు రాసినట్టే. జీనోము అప్‌లోడ్ చేసే చోట కూడా అదే రాయండి, ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా వద్దు.